పక్కన పెట్టిన కాపీ

ఇంటి నుంచి,
సోమవారం

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే బాగానే ఉన్నానంటావు, నాకు ఒళ్ళు మండుతుంది. పోలీసులు నిన్ను జీపు ఎక్కించిన రోజు నుంచీ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. బస్సు మారి, రైలెక్కి, పిల్లదాన్ని చంకనేసుకుని అంత దూరం వస్తే అద్దం అవతల కూర్చుని నవ్వావే తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైనా నోరు విప్పుతావేమో చూద్దాం.

ప్లీడరు గారిని కలిశాను. ఆయన మొహమాటం లేకుండా చెప్పేశారు. "చనిపోయినావిడ రక్తంలో పొటాషియం ఆరు పాయింట్ రెండని మిషన్ ఇచ్చిన చీటీలో ఉందమ్మా. మీ ల్యాబ్ రిపోర్టులో రెండు పాయింట్ ఆరని పడింది. తక్కువుందనుకుని ఆసుపత్రి వాళ్ళు పొటాషియం ఎక్కించారు. గుండె ఆగిపోయింది. అంకెలు తిరగేసి టైపు కొట్టింది ఎవరని చూస్తే కంప్యూటర్‌లో మీ అన్నయ్య పేరుంది. ఆయన ఔననడు, కాదనడు. నేనేం వాదించను?" అన్నారు.

నువ్వు కొట్టలేదు. కామా తప్పు పడితేనే అన్నం సహించని మనిషివి, అంకెలు తిరగేస్తావా? ఆ సాయంత్రం టైపిస్టు సెలవు. నువ్వూ, నేనూ, యజమాని గారి కోడలూ తలా ఒక కట్ట చీటీలు పంచుకుని కొట్టాం. ఎవరి కట్టలో ఎవరి చీటీ ఉందో ఎవరికి గుర్తుంటుంది? నా అనుమానం ఆ కోడలి మీదే. ఇంటి పరువు పోతుందని మామగారు నీ పేరు పెట్టించి ఉంటాడు.

ఒకటి గుర్తొచ్చింది. రోజూ ల్యాబ్ మూశాక, నువ్వు చూసుకునే ఆ కంప్యూటర్ తనంతట తానే మొత్తం కాపీ తీసుకుంటుందని నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడివి కదా? ఆవిడ పోయింది మర్నాడు పొద్దున. పేరు మార్చి ఉంటే ఆ తర్వాతే మార్చి ఉంటారు. ముందు రోజు తీసుకున్న కాపీలో అసలు పేరు ఉండాలి కదా? ఉంటుందని ఒక్క మాట రాయి అన్నయ్యా, నాకు అన్నం దిగుతుంది.

నువ్వు కంప్యూటర్లు బాగుచేయడానికి వేరే ఊరెళ్ళావని బుడ్డిదానికి చెప్పాను. మామయ్య దగ్గర స్క్రూడ్రైవర్ లేదు, ఇక్కడే మర్చిపోయాడని దిగులు పడుతోంది.

నీ చెల్లెలు

*

జైలు, మూడో బ్యారక్

తికమక తల్లికి,

నీ ఉత్తరం ఊరంతా తిరిగి నా దగ్గరికొచ్చింది. నా నంబరు నూట నలభై ఏడు. కవరు మీద నూట డెబ్భై నాలుగని రాశావు. ఆ నంబరాయన పెద్దమనిషి. సగం దాకా చదివి బావురుమని ఏడ్చి, తర్వాత తనకసలు చెల్లెళ్ళే లేరని గుర్తొచ్చి తెచ్చిచ్చాడు. "ఇంత ప్రేమగా తిట్టే మనిషి నాకూ ఉంటే బాగుండేదయ్యా" అన్నాడు. ఈసారి కవరు మీద అంకెలు ఎవరిచేతనైనా రాయించు. ఉత్తరాలు చదివే ఆఫీసరు గారు కూడా నిన్ను చూడాలని ఉందన్నారు.

నాకేం లోటు లేదు. జైలు ఆఫీసులో ప్రింటర్ మొరాయిస్తే నన్నే పిలిచారు. కాగితం ఇరుక్కుంది, అంతే. లాగేసి వచ్చాను. అప్పటి నుంచి టీ కాస్త చిక్కగా వస్తోంది.

ఆ కాపీల సంగతంటావా, అవన్నీ ఉన్నది ఆ కంప్యూటర్ మెయిన్ డిస్కులోనే. బయట ఇంకో డిస్కు పెడదాం, కాపీలు అందులోకి పోతాయని యజమానిని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. ఇదిగో అదిగో అన్నాడు. డిస్కు నిండిపోతే ల్యాబ్ ఆగిపోతుంది. అందుకని కొత్త కాపీకి చోటు చాలనప్పుడు అన్నిటికంటే పాతది దానంతట అదే చెరిగిపోయేలా నేనే ఏర్పాటు చేశాను. నువ్వడిగేది ఈపాటికి పోయే ఉంటుంది. దాని మీద ఆశ పెట్టుకోకు. ఆ కంప్యూటర్ జోలికే వెళ్ళకు. నీ పని రక్తం తీయడం. నొప్పి తెలియకుండా తీస్తావని ఊళ్ళో నీకు పేరు, ఆ పేరు నిలబెట్టుకో.

బుడ్డిదానికి దగ్గు తగ్గిందా? ఆ రోజు ఒళ్ళు కాలిపోతోందని బడి వాళ్ళు ఫోన్ చేస్తే పరిగెత్తావు కదా, మళ్ళీ రాలేదు కదా?

అన్నయ్య

*

ల్యాబ్ వెనక గది,
మధ్యాహ్నం

అన్నయ్యా,

పోలేదు! ఉంది!

నిన్నా ఇవాళా అందరూ భోజనాలకు వెళ్ళాక కూర్చుని చూశాను. కాపీలన్నీ తేదీల వారీగా బారుగా ఉన్నాయి. ఆ తేదీది ఉంది. దానికంటే పాతవి కొన్నే మిగిలాయి. నిన్న చూసినప్పుడున్న చిట్టచివరిది ఇవాళ లేదు. రోజుకొకటి రాలిపోతోంది అన్నయ్యా. మనదాని వంతు వచ్చేలోపు దాన్ని ఎక్కడైనా దాచాలి. తెరిచి చూద్దామంటే తెరుచుకోలేదు, ఏదో మూసేసిన డబ్బాలా ఉంది.

ప్లీడరు గారికి ఫోన్ చేశాను. కంప్యూటర్‌ని కోర్టు స్వాధీనం చేసుకోవాలని అర్జీ వేస్తారట. అది బెంచి మీదికొచ్చేసరికి ఈ కాపీ ఉండదు. యజమానిని అడుగుదామంటే, బయటి డిస్కు మాట ఎత్తగానే, "మీ అన్న చేసిన నిర్వాకం చాలదా, నువ్వు కూడా దాని జోలికెళ్తున్నావా?" అని గదిలోంచి పంపేశాడు. కోడలు తలుపు చాటు నుంచి చూస్తోంది. నా అనుమానం గట్టిపడింది.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ప్రింటర్ గురించి రాశావు, టీ గురించి రాశావు, ఆ నూట డెబ్భై నాలుగు గురించి రాశావు. నిన్ను బయటికి తేగలిగిన ఒక్క వస్తువు గురించి అడిగితే జోలికెళ్ళకు అంటావు. నీకు బయటికి రావాలని లేదా? యజమానికి భయపడుతున్నావా? నీళ్ళు నమలకుండా రాయి. ఎలా దాచాలో అక్షరం అక్షరం చెప్పు. నేను మొద్దునే, ఒప్పుకుంటాను, కానీ చెప్పింది చెప్పినట్టు చేస్తాను.

ఇంకో మాట. చనిపోయినావిడ భర్త రోజూ వచ్చి మన ల్యాబ్ మెట్ల మీద కూర్చుంటున్నాడు. బట్టలు కుట్టే ఆయన. గొడవ పడడు, ఏమీ అడగడు. ఆవిడకి రక్తం తీసింది నేనే కదా. "అయిపోయిందా, సూది గుచ్చినట్టే లేదే" అని నవ్వింది. ఆయన పక్క నుంచి మెట్లెక్కాలంటే నాకు ప్రాణం పోతోంది. నీ చెల్లెల్నని ఆయనకు తెలుసు. ఇవాళ మొదటిసారి మాట్లాడాడు. "మీ అన్నయ్య ఎందుకలా చేశాడమ్మా?" అన్నాడు.

వెంటనే రాయి. వెంటనే.

నీ చెల్లెలు

*

జైలు, మూడో బ్యారక్

చెల్లెమ్మా,

ఆలస్యమైంది. కాగితం దొరకలేదు.

సరే, అంతగా పట్టుబడుతున్నావు కాబట్టి చెబుతాను. ఆ కాపీని పక్కన పెట్టు. అంతే. పెద్ద విద్యేం కాదు. అయితే ఒక్కటి గుర్తు పెట్టుకో. బయటి డిస్కులు, పెన్ డ్రైవులు ఏవీ దానికి తగిలించకు. వైరస్ ఎక్కితే మొత్తానికే మోసం వస్తుంది.

ఆయన మెట్ల మీద కూర్చుంటే నువ్వు వెనక గుమ్మం నుంచి వెళ్ళు. ఆయన అడిగినదానికి జవాబు చెప్పాల్సింది నేను, నువ్వు కాదు.

బుడ్డిది ఏం చేస్తోంది? ఈసారి దాని చేత ఏదైనా బొమ్మ వేయించి పంపు.

అన్నయ్య

*

ఇంటి నుంచి

అన్నయ్యా,

అంతా అయిపోయింది. నా చేతులతో నేనే నిన్ను ముంచేశాను.

పక్కన పెట్టమన్నావు. పెట్టాను. కాపీలున్న చోటే పక్కన కొత్త ఫోల్డర్ చేసి, మర్చిపోకుండా దానికి 'పక్కన పెట్టినవి' అని పేరు పెట్టి, మనదాన్ని అందులోకి కాపీ చేశాను. చాలాసేపు పట్టింది. అయ్యాక నా గుండె ఊరుకోలేదు. ఒక్కటుంటే ఎలా, దానికేమైనా అయితేనో అని ఇంకోటి చేశాను. ఆ తర్వాత మరోటి. భయం కొద్దీ చేశాను అన్నయ్యా. ఒకటికి మూడున్నాయి కదా, ఇక నా అన్నని ఎవరూ ఏమీ చేయలేరనుకుని, చాలా రోజుల తర్వాత ఆ పూట పిల్లదానితో కలిసి కడుపునిండా తిన్నాను.

పొద్దున వెళ్ళేసరికి ల్యాబ్‌లో గోలగా ఉంది. కంప్యూటర్ బిగుసుకుపోయింది. డిస్కు గీత ఎర్రగా చివరి దాకా నిండిపోయి ఉంది. నేను పెట్టిన మూడూ మిగిలిన చోటంతా తినేశాయి. రోజువారీ కాపీకి చోటు చాలక పాతవాటిని వరసబెట్టి చెరిపేసింది. అప్పటికి అన్నిటికంటే పాతది మనదే, అదే మొట్టమొదట పోయింది. అయినా నేను కంగారు పడలేదు, పక్కన పెట్టినవి ఉన్నాయి కదా అని. రక్తం తీయించుకోవడానికి వచ్చిన వాళ్ళు బయట బారులు తీరి ఉన్నారు, లోపల యజమాని గుడ్లురుముతున్నాడు. నేను రక్తాలు తీస్తూ ఉండిపోయాను. ఈలోగా యజమాని కంప్యూటర్ మెకానిక్‌ని పిలిపించాడు.

సీసాలు కడిగి వచ్చేసరికి కంప్యూటర్ చక్కగా నడుస్తోంది. మెకానిక్ చేతులు దులుపుకుంటూ, "చెత్తంతా నిండిపోయిందండీ, తీసేశాను" అన్నాడు.

ఏ చెత్త అని అడిగాను.

"'పక్కన పెట్టినవి' అని ఒక ఫోల్డర్ ఉంది. పక్కన పెట్టారంటే అక్కర్లేదనే కదా మేడం? ఉన్న ఖాళీ అంతా అదే తినేసింది."

అక్కడే నేల మీద కూలబడ్డాను. కళ్ళు తిరిగాయేమోనని మంచినీళ్ళిచ్చారు. నీ జీవితం అక్కర్లేనిదని నేనే చీటీ రాసి అంటించాను అన్నయ్యా. తిట్టు. చివాట్లు పెట్టు. నువ్వు తిడితే గానీ నాకు ఊపిరాడేలా లేదు.

నీ చెల్లెలు

*

జైలు, మూడో బ్యారక్

పిచ్చితల్లీ,

నిన్ను తిట్టడమేమిటి? లేచి మొహం కడుక్కో. పోతే పోయింది. అది ఉన్నా కోర్టులో చెల్లేదో లేదో. ఒక కంప్యూటర్ కాపీ కోసం నేల మీద కూలబడతారా ఎవరైనా? నిన్ను చూసి బుడ్డిది ఎంత బెదిరిపోతుంది?

నేనిక్కడ హాయిగా ఉన్నాను. నిజం, చాలా రోజుల తర్వాత నిన్న ఒళ్ళు మరిచి నిద్రపోయాను. ఆఫీసరు గారు లైబ్రరీ పుస్తకాల పట్టికంతా కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకప్పగించారు. నూట డెబ్భై నాలుగు నాకు చదరంగం నేర్పుతున్నాడు. ఓడిపోతే బాధపడేది ఆయనే.

ప్లీడరు గారు ఏవో కాగితాల మీద సంతకం పెట్టమన్నారు. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందట. పెట్టేద్దామనుకుంటున్నాను. గొడవ వదిలిపోతుంది. నువ్వు ఆ ల్యాబ్ మానేసి వేరే ఆసుపత్రిలో చేరు. అక్కడ రక్తం మాత్రమే తియ్యి. టైపు పని ఎవరు చెప్పినా ఒప్పుకోకు.

బొమ్మ అందింది. అందులో నాకు మూడు చేతులున్నాయి. కంప్యూటర్లు బాగుచేయడానికి ఆ మాత్రం కావాలి.

అన్నయ్య

*

ఇంటి నుంచి

అన్నయ్యా,

కాగితాల మీద సంతకం పెట్టకు. పెట్టి ఉంటే వెనక్కి తీసుకో. ముందు ఈ ఉత్తరం చదువు.

నీ ఉత్తరం చూసి మొదట కుదుటపడ్డాను. ఎంత మంచివాడు మా అన్నయ్య, ఒక్క మాట అనలేదు అనుకున్నాను. బట్టలారేస్తుంటే ఒక్కసారిగా చెయ్యి ఆగిపోయింది. ఉన్న ఒక్క ఆధారం పోయిందని వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నీకు నిద్ర పట్టిందా?

తాళం వేసి తిన్నగా ఆ మెకానిక్ దుకాణానికి వెళ్ళాను. చెరిపినవి తిరిగి రాబట్టే దారేమైనా ఉందా అని కాళ్ళావేళ్ళా పడదామని వెళ్ళాను. ఆయన కంగారు పడిపోయి కుర్చీ వేశాడు. "చెరపడమేమిటి మేడం, నా దగ్గరుంది. ఎవరి సరుకైనా చెరిపే ముందు నా డిస్కులోకి ఒక కాపీ లాగి పెట్టుకుంటాను. జనం ఇవాళ చెత్త అంటారు, వారం పోయాక ఏడుస్తూ వస్తారు" అన్నాడు. ఆయన్ని ఎత్తుకుని గిర్రున తిప్పాలనిపించింది. ఆనందంలో అంతా చెప్పేశాను, ఇలా పక్కన పెట్టమన్నారు, పెట్టాను, ఇలా అయిందని.

ఆయన నవ్వాడు. "పక్కన పెట్టడమంటే ఇంకో డిస్కులో పెట్టడమండీ. అదే డిస్కులో పక్కన పెడితే ఏం లాభం? ఇల్లు అంటుకుంటే నగలు బీరువాలోంచి తీసి మంచం కింద పెట్టినట్టుంటుంది. చోటూ పోతుంది, సరుకూ పోతుంది. ఎవరండీ మీకు అలా చెప్పింది?"

మా అన్నయ్యేనన్నాను. పేరు చెప్పాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆయనా? ఆయన చెప్పరే. మాకు ఈ సంగతి నేర్పిందే ఆయన. కాపీ తీస్తే బయటి డిస్కులోకే తియ్యాలి, తీశాక విప్పి వేరే గదిలో పెట్టాలి అని నా తల తినేసేవారు. బయటి డిస్కు తగిలించొద్దని ఆయనన్నారా? మీరు సరిగ్గా విన్నారా?"

నేను విన్నది కాదు కదా, చదివింది. ఉత్తరం నా సంచీలోనే ఉంది. తీసి మళ్ళీ చదివాను. నువ్వు ఉప్పు ఎక్కడుందో చెప్పాలన్నా ఏ గూడు, ఎన్నో అర, కుడివైపా ఎడమవైపా అని చెప్పే మనిషివి. మొత్తం వ్యవహారాన్ని రెండు మాటల్లో తేల్చేశావు. నేను దాన్ని ఎలా అర్థం చేసుకుంటానో నీకు తెలుసు. తెలిసే రాశావు.

కాపీ తెరవమన్నాను. ఆయన ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి తెరిచాడు. ఆవిడ పేరు, పొటాషియం, రెండు పాయింట్ ఆరు. ఎవరు కొట్టారో చూపించే గడిలో ఉన్నది నా పేరు.

కోడలు కాదు. నువ్వు కాదు. నేను. నీ నంబరు తిరగేసి రాసినట్టే రాశాను, అన్నయ్యా. బడి వాళ్ళ ఫోన్ వచ్చింది, పిల్లదానికి ఒళ్ళు కాలిపోతోందన్నారు, మిగిలిన చీటీలు గబగబా కొట్టేసి పరిగెత్తాను. చూసుకోలేదు. సూది గుచ్చినట్టే లేదని నవ్విన మనిషిని నేను చంపేశాను. ఆమె భర్త నన్ను పట్టుకుని మీ అన్నయ్య ఎందుకలా చేశాడని అడుగుతుంటే నేను నీ మీద జాలిపడుతూ నిలబడ్డాను.

పొద్దున్నే ఆవిడ పోయిన సంగతి తెలిసి, పోలీసులు వచ్చేలోపు నా పేరు తీసి నీ పేరు పెట్టుకున్నావు. పాత కాపీ చెరిపే వ్యవధి లేక, అది దానంతట అదే పోతుందని అక్కడ కూర్చుని రోజులు లెక్కపెట్టుకున్నావు. నేనిక్కడ దాన్ని కాపాడటానికి చస్తుంటే నువ్వక్కడ అది పోవాలని కోరుకున్నావు. ఎంత పని చేశావు అన్నయ్యా! ఎవరడిగారు నిన్ను?

నీ చెల్లెలు

*

జైలు, మూడో బ్యారక్

చెల్లెమ్మా,

నీకు దణ్ణం పెడతాను. ఎప్పుడూ నిన్ను ఏదీ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఆ డిస్కు తెచ్చి నీళ్ళలో పారెయ్. మెకానిక్ నా మాట కాదనడు, నేను చెప్పానని చెప్పు. ఆఫీసరు గారూ, మీరు ఇది చదువుతున్నారు. మీకూ చెల్లెళ్ళుంటారు. దయచేసి ఈ ఒక్క కాగితం మీరు చదవలేదనుకోండి.

వేలు జారింది. అంతే జరిగింది. ఎవరికైనా జారుతుంది. నీకు చిన్నప్పటి నుంచీ అంకెలు తిరగబడతాయని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ సాయంత్రం నీ ముందు ఒక కట్ట పెట్టింది నేనే. త్వరగా అయిపోతే త్వరగా ఇంటికి పోవచ్చని పెట్టాను. కాబట్టి అక్కడ నా పేరు ఉండటంలో అబద్ధమేమీ లేదు.

నాకెవరున్నారు? పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. నేనిక్కడుంటే ఎవరి అన్నం చల్లారిపోదు. దాని నాన్న పోయాక బుడ్డిదానికి నువ్వు తప్ప దిక్కెవరు? నువ్వు లోపలికొస్తే దాన్ని ఏ అనాథాశ్రమంలో పెడతారో ఊహించావా? ఆవిడని ఎలాగూ వెనక్కి తేలేం. ఉన్న పిల్లనైనా తల్లి లేనిదాన్ని చేయకు. నా నోటితో అనాల్సి వస్తోంది, నువ్వు నిజం చెబితే బాగుపడేది ఎవరు? ఒక్కరూ లేరు. నన్ను ఇలా వదిలెయ్. నాకిక్కడ నిద్ర పడుతోంది. నువ్వు ఆ డిస్కు కోర్టులో ఇచ్చిన రోజు నుంచి నాకు నిద్రుండదు.

వెంటనే రాయి. పారేశానని ఒక్క ముక్క రాయి.

అన్నయ్య

*

ఇంటి నుంచి,
ఆదివారం

అన్నయ్యా,

పారేయలేదు. శుక్రవారం ప్లీడరు గారి చేతికిచ్చాను. మెకానిక్ కూడా వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. పేరు మార్చినందుకు కోర్టు నిన్ను గట్టిగా మందలిస్తుందట, అయినా బెయిలు వస్తుందన్నారు. నా సంగతి అడిగాను. నిర్లక్ష్యం కింద కేసు పెడతారు, శిక్ష తప్పదు, కానీ జీవితాంతం ఉండదన్నారు.

అక్కడి నుంచి ల్యాబ్‌కి వెళ్ళి మెట్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. కొట్టింది మా అన్నయ్య కాదు, నేనేనని చెప్పాను. పిల్లకి జ్వరమని చెప్పలేదు. అది ఆయనకెందుకు? ఆయన కొడతాడేమో, కొడితే బాగుండుననుకున్నాను. చివరికి, "ఇన్నాళ్ళూ తప్పు మనిషిని తిట్టుకున్నానన్నమాట" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. నిన్న రాలేదు, ఇవాళా రాలేదు. బాగుపడేది ఎవరని అడిగావు కదా. నాకూ తెలియదు. కానీ ఆయన అడిగినదానికి జవాబు చెప్పాల్సింది నేనే.

నువ్వు నా కోసం చేసింది ఈ జన్మలో మర్చిపోను. నీ మీద పీకలదాకా కోపంగా కూడా ఉంది. రెండూ ఉన్నాయి. నన్ను కాపాడాలనుకుని, నా కళ్ళ ముందు నువ్వు కరిగిపోతుంటే చూస్తూ బతకమన్నావు. ఆ శిక్ష కంటే ఇది నయం.

పిల్లకి దిక్కెవరని రాశావు. నువ్వున్నావు. మేనమామవి. నువ్వు బయటికొచ్చాకే నేను స్టేషన్‌కి వెళ్ళేలా ప్లీడరు గారు మాట్లాడారు, మధ్యలో ఒక పూట కూడా అది ఒంటరిగా ఉండదు. తాళం చెవి పక్కింటి పెద్దావిడ దగ్గరుంటుంది. మనం ముగ్గురం కలిసి ఒక్క పూటైనా ఉంటామో లేదో తెలియదు కాబట్టి అన్నీ ఇక్కడే రాస్తున్నాను. పొద్దున లేవగానే మాట్లాడించకు, చిరాకు పడుతుంది. కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుని తనే వస్తుంది. తల దువ్వేటప్పుడు చిక్కులు కింద నుంచి తీయాలి, పై నుంచి లాగితే ఇల్లు పీకి పందిరేస్తుంది. పాలల్లో మీగడ తేలితే తాగదు, వడకట్టు. బడిలో ఒక పిల్ల దీన్ని గిల్లుతోంది. టీచరుకి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకుంది, నువ్వు చెప్పు, నీ దగ్గర వేయించుకోలేదు కదా. దగ్గు మందు అటక మీద ఉంది, ఎక్స్‌పైరీ చూసి వెయ్యి. నా గురించి అడుగుతుంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. నీకు ఏది తోస్తే అది చెప్పు, కానీ తప్పకుండా వస్తానని మాత్రం చెప్పు.

నిద్రలో చెయ్యి చాపి పక్కన తడుముతుంది. కళ్ళు తెరవదు. చెయ్యి దొరక్కపోతే లేచి కూర్చుని ఏడుస్తుంది, దొరికితే పట్టుకుని మళ్ళీ పడుకుంటుంది. నీ చెయ్యి ఇవ్వు. ఎవరిదో చూసుకోదు.

నీ చెల్లెలు